చేతిలో వెబ్: ఒక నిర్వచనానికి పాలమూరు, నల్గొండ వ్యాఖ్య

మూలం: చేత పట్టుకొని, తిరుగుతూ, వెబ్ చూడటానికే వాడే చవక పరికరం.

చేత పట్టుకొని: ఈ మాటకు మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఆకాశ్ ట్యాబ్లెట్. విద్యార్థుల కోసమని 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేశారు. డేటావిండ్ సంస్థ ఐఐటీ రాజస్థాన్‌తో కలిసి తెచ్చిన ఆ పలకను బిగించింది మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. వేలు ఆనిస్తే చాలదు, గట్టిగా నొక్కాలి. చిన్న బ్యాటరీ గంటల్లోనే అయిపోయేది. కరెంటు కోతల పల్లెలో అది చిన్న లోపం కాదు.

తిరుగుతూ: పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ముంబయి, పుణె దాకా పనికి పోయే కుటుంబాలకు తిరగడం బతుకుదెరువు. మొదటి ఆకాశ్‌కు సిమ్ లేదు, వై-ఫై ఒక్కటే దారి. అప్పటి దేవరకొండ, అచ్చంపేట పల్లెల్లో వై-ఫై ఎక్కడిది? ఉన్నదల్లా సెల్ టవర్ ఇచ్చే టూజీ. విద్యార్థుల కోసమని చెప్పిన పరికరానికి పల్లెలో ఉన్న ఒక్క దారినీ మూసేశారు.

వెబ్ చూడటానికే: వ్యాఖ్య అంతా ఇక్కడే ఉంది. ఆకాశ్‌కు ముందే డేటావిండ్ బ్రిటన్‌లో పాకెట్‌సర్ఫర్ అనే మడత పరికరం అమ్మింది. అది వెబ్ కోసమే. పేజీని ముందు తన సర్వర్‌లో కుదించి, తేలిక చేసి, నెమ్మది సెల్ నెట్‌వర్క్ మీదుగా పంపేది. బరువైన పనంతా సర్వర్ చేస్తే చేతిలోని పరికరం చౌకగా, బలహీనంగా ఉన్నా సరిపోతుంది. టూజీ నాటి నల్గొండకు సరిగ్గా కావలసిన ఆలోచన ఇదే.

ఆ ఆలోచన మన దగ్గరికి వేరే పేరుతో వచ్చింది: ఒపెరా మినీ బ్రౌజర్. కీప్యాడ్ ఫోన్లలోనూ అది ఇదే పద్ధతిలో నడిచేది. తెలుగుకు అది చేసిన మేలు చాలామంది మరచిపోయారు. ఆకాశ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు ఫాంటు లేదు. తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. ఒపెరా మినీలో ఒక సెట్టింగు మారిస్తే సర్వర్ అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది, ఫాంటు లేని ఫోన్లోనూ గుణింతాలు, వత్తులు సరిగా కుదిరేవి. ప్రభుత్వ పథకం పట్టించుకోని అవసరాన్ని ఒక చిన్న సెట్టింగు తీర్చింది. మన లిపి కనబడని తెర ఎంత చౌకైనా మన పిల్లలకు దండగే అని నేను గట్టిగా నమ్ముతాను.

చవక: ఒక్కో ఆకాశ్‌కు ప్రభుత్వం చెల్లించింది దాదాపు 2,250 రూపాయలు. వాదనంతా ఆ అంకె చుట్టూ తిరిగింది, డేటా ధర మాట వెనకబడింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోయింది. మరుసటి ఏడు 1,500 రూపాయల డిపాజిట్ మీద జియోఫోన్ వచ్చింది. చిన్న తెర, నొక్కే మీటలు, కానీ ఫోర్‌జీ సిమ్, భారతీయ భాషలు ఉన్నాయి. చవక అన్న మాటకు అప్పుడే అర్థం కుదిరింది.

పరికరం: 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అన్నిటికన్నా తక్కువ, నల్గొండది 64. చదవలేని రైతుకు వెబ్ పేజీ ఏ పరికరంలో తెరిచినా ఒకటే. అతనికి చదివి వినిపించేదే పరికరం. ఇప్పుడు ఫోన్లు ఆ పని చేయగలవు, పేజీలే సిద్ధంగా లేవు.

తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ భూభారతిని 2025లో మొదట ప్రయోగించిన నాలుగు మండలాల్లో పాత పాలమూరులోని మద్దూరు ఒకటి. పట్టా, సర్వే నంబరు లాంటి బతుకు సంగతులు వెబ్‌లోకి ఎక్కాక, ఆ పేజీలు కట్టేవారిని ఒక్కటే కోరుతున్నాను: చిన్న తెర మీద, సన్నటి సిగ్నల్ మీద, తెలుగులో, వినబడేలా తెరుచుకోనివ్వండి. విడుదల చేసే ముందు మద్దూరులో ఒక రైతు ఫోన్లో తెరిచి చూడండి.