సామ్ కుక్ పాట, దాన్ని మళ్ళీ పాడినవారు

ఈసారి వాక్యధ్యానం కాదు, ఒక పాట చరిత్ర రాస్తున్నాను. ఆరాధనలో పాడే పాట కాదది. కానీ రాసినవాడు మందిరంలో పెరిగినవాడు.

సామ్ కుక్ 1931లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, క్లార్క్స్‌డేల్ అనే ఊరిలో పుట్టాడు. తండ్రి పాస్టరు. అతని చిన్నతనంలోనే కుటుంబం షికాగో వెళ్ళింది. 1950లో సోల్ స్టిరర్స్ అనే పేరున్న సువార్త గాయక బృందంలో చేరాడు. తరువాత ప్రేమ పాటల వైపు మనసు పోయింది. సంఘస్థులు నొచ్చుకుంటారని, అలాంటి మొదటి రికార్డును డేల్ కుక్ అనే మారుపేరుతో వేశాడు. పేరు మారింది గానీ గొంతు దాగుతుందా? 1957లో సొంత పేరుతో పాడిన ‘యూ సెండ్ మీ’ దేశంలో మొదటి స్థానానికి చేరింది. మందిరంలో నేర్చిన గొంతుతో బయటి మాటలు పాడడం, సోల్ సంగీతం పుట్టుక చాలావరకు అదే.

1963 అక్టోబరులో లూసియానా రాష్ట్రంలోని శ్రీవ్‌పోర్ట్‌లో ఒక హోటల్‌కు భార్యతో, తన బృందంతో వెళ్ళాడు. నల్లవారు గనుక గది లేదన్నారు. అతను ఊరుకోలేదు, గట్టిగా అడిగాడు. శాంతిభంగం చేశాడని పోలీసులు అరెస్టు చేశారు. దేశమంతా తెలిసిన గాయకుడికే ఈ గతి అయితే, పొలాల్లో పత్తి ఏరుకునేవాడి సంగతి చెప్పాలా! అదే సంవత్సరం బాబ్ డిలన్ అనే తెల్ల యువకుడి ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ విని, మన బాధ మీద మనమెందుకు రాయలేదని కూడా అతని మనసు కుదుటపడలేదు.

అలా వచ్చింది ‘ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్’. మార్పు వస్తుంది అని దాని అర్థం. రెనే హాల్ వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్, పెద్ద డోళ్ళతో సంగీతం కూర్చాడు. 1964లో ఆల్బమ్‌లో వచ్చింది. ఆ ఫిబ్రవరిలో టెలివిజన్‌లో పాడాడు గానీ ఆ టేపు మిగల్లేదు. జూలైలో హోటళ్ళలో వర్ణవివక్షను నిషేధిస్తూ పౌరహక్కుల చట్టం వచ్చింది. డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లో తుపాకి గుండుకు సామ్ కుక్ చనిపోయాడు. వయసు 33. కొద్ది రోజులకే ఈ పాట చిన్న రికార్డుగా వచ్చింది, అదీ రెండో వైపున. ఊళ్ళోని సినిమా హాలు దగ్గర తిరగవద్దని తరిమిన సంగతి చెప్పే చరణాన్ని అందులో తీసేశారు. పాటలో అన్నిటికంటే సూటిగా తగిలే చరణం అదే మరి.

నన్ను ఎక్కువగా ఆపేది మరో చరణం. బ్రతకడం కష్టంగా ఉంది, చావాలంటే భయంగా ఉంది, ఆకాశం అవతల ఏముందో తెలియదు అనే భావం అక్కడుంది. పాస్టరు కొడుకు అలా పాడవచ్చా అని మనలో కొందరు అడుగుతారు. యోబు గ్రంథం చదివినవారు అడగకూడదు. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, దాన్ని ఎవరూ బైబిల్లోంచి కొట్టివేయలేదు. భయం చెప్పుకున్నవాడే మార్పు వస్తుందని పాడితే నాకు నమ్మబుద్ధి అవుతుంది.

మన కీర్తనల్లాగే, ఇదీ ఒక్కొక్కరి నోట ఒక్కో విధంగా మారింది. 1965లో ఓటిస్ రెడ్డింగ్ ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్‌లో పాడాడు. కుక్ గొంతులోని నున్నదనం ఇందులో లేదు, గరుకుగా, మొర పెట్టినట్టు ఉంటుంది. అతనూ 1967 డిసెంబరు 10న విమాన ప్రమాదంలో పోయాడు, 26 ఏళ్ళకే. అదే సంవత్సరం అరీతా ఫ్రాంక్లిన్ పాడింది. ఆమె తండ్రి డెట్రాయిట్‌లో పేరున్న పాస్టరు, సామ్ కుక్ ఆమెకు చిన్ననాటి నుండి తెలిసినవాడు. అందుకే తిన్నగా పాటలోకి వెళ్ళక, పాత స్నేహితుడొకరు చెప్పిన మాట అంటూ తన సొంత మాటలతో మొదలుపెడుతుంది. నా మట్టుకు సాక్ష్యం విన్నట్టే ఉంటుంది.

2009 జనవరిలో, ఒబామా ప్రమాణ స్వీకారానికి ముందు, వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకం దగ్గర బెట్టీ లవెట్, జాన్ బాన్ జోవి కలిసి దీన్ని పాడారు. ఒక నల్ల స్త్రీ, ఒక తెల్ల పురుషుడు. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో ప్రసంగించిన చోటు అదే.

శ్రీవ్‌పోర్ట్ మేయరు సామ్ కుక్ కుటుంబానికి క్షమాపణ చెప్పింది 2019లో.