ముష్టి అంటే పిడికిలి కూడా



మేము చదువుకున్నది పెరంబూరులో, తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. చిన్నప్పుడు ఒక తెలుగు పత్రికలో 'ముష్టియుద్ధం' అన్న మాట చూసి, ముష్టివాళ్ళు ఎక్కడో కొట్టుకున్నారు కాబోలు అనుకున్నాం. అమ్మ నవ్వి, "ముష్టి అంటే పిడికిలి కూడారా" అంది. తమిళంలో కుత్తుచ్చండై అంటారు. పేరేదైనా గుద్దులాటే.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, పోయిన ఆదివారం మన మీటింగులో పిల్లల వేసవి శిబిరం మాట వచ్చింది. బాక్సింగ్ కూడా పెట్టమని ఇద్దరు ఆడపిల్లలు అడిగారట. "మొహం మీద దెబ్బ తగిలితే రేపు సంబంధం ఎవరు తెస్తారు?" అని వెనకనుంచి ఒకరన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ మాట మేమూ ఒకప్పుడు అన్నవాళ్ళమే. ఆ సంగతి చివర చెప్తాం. ముందు కొంచెం చరిత్ర.

బాక్సర్లలో ఎవరు గొప్ప అంటే లెక్కలు చాలా ఉన్నాయి. మేము చూసే లెక్క వేరు. ఆ మనిషి రింగులోకి దిగాక, బయట ఉన్నవాళ్ళలో ఎవరికి ధైర్యం వచ్చింది అన్నదే.

మొదట చెప్పవలసింది జాక్ జాన్సన్ పేరు. 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి, హెవీవెయిట్‌లో ప్రపంచ చాంపియన్ అయిన మొదటి నల్లజాతి మనిషి. తెల్లవాళ్ళకు అది మింగుడుపడలేదు. రిటైరై ఇంట్లో ఉన్న పాత చాంపియన్ జెఫ్రీస్‌ను బతిమాలి తెచ్చి 1910 జులై 4న రెనో ఊళ్ళో దింపారు. జాన్సన్ ఆయన్నీ ఓడించాడు. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్ళలో అల్లర్లు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. రింగులో ఓడించలేని మనిషి మీద తర్వాత కేసు పెట్టారు. 1913లో అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ దోషి అంది. క్షమాభిక్ష 2018లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి దాదాపు 72 ఏళ్ళు.

తర్వాత జో లూయీ. 1936లో జర్మనీ మనిషి ష్మెలింగ్ చేతిలో ఓడి, 1938లో న్యూయార్క్‌లో అదే మనిషిని మొదటి రౌండులోనే పడగొట్టాడు. హిట్లర్ రోజులవి. దాంతో అమెరికాలో తెల్లవాళ్ళు కూడా ఒక నల్లవాణ్ణి 'మనవాడు' అన్నారు.

ఇక మహమ్మద్ అలీ. పన్నెండేళ్ళప్పుడు సైకిలు పోయిందని ఏడుస్తూ పోలీసు దగ్గరకు వెళ్తే, ఆ పోలీసే ముందు గుద్దడం నేర్చుకో అన్నాడు. 1960లో రోమ్ ఒలింపిక్ బంగారం, 1964లో ప్రపంచ టైటిల్. 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ పోయింది, లైసెన్సు పోయింది. మంచి వయసులో మూడేళ్ళకు పైగా ఆట లేదు. 1971లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను పడగొట్టి టైటిల్ మళ్ళీ తెచ్చుకున్నాడు.

ఆ అలీ 1980లో మన మద్రాసు వచ్చాడు. జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఎం.జి.ఆర్. వచ్చి చూశారు. ఉత్తర మద్రాసు కుర్రాడు రాకీ బ్రాజ్ కూడా అలీతో గ్లవ్స్ కట్టుకుని నిలబడ్డాడు. మాకు టిక్కెట్టు దొరకలేదు, పేపరులో బొమ్మ చూసి సంతోషపడ్డాం. రాయపురం, కాశిమేడు వైపు బాక్సింగ్ అంటే అప్పటికే ప్రాణం. సార్పట్టా, ఇడియప్ప అని పరంబరైలు ఉండేవి. పరంబరై అంటే వంశం లాంటిది, గురువు నుంచి శిష్యుడికి వచ్చే వరస. 2021లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. మా వీధి మగపిల్లలందరూ గోనెసంచిలో ఇసుక పోసి గుద్దినవాళ్ళే. ఆడపిల్లలు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. అది తప్పని మాకు తోచలేదు.

మనవైపు కూడా అంతే. మన లైనులో పార్వతీపురం దిగితే దగ్గరే వీరఘట్టం, కోడి రామ్మూర్తినాయుడు గారి ఊరు. ఆయనది కుస్తీ. 1942లో కన్నుమూసింది మన ఒడిశాలోనే, బలంగీర్‌లో. ఆయన పేరు చెప్పి మగపిల్లల చేత దండీలు, బస్కీలు తీయించాం. చెవి చితికినా, ముక్కు విరిగినా వాళ్ళకు పిల్లనెవరిస్తారని ఎవరూ అడగలేదు.

నిజామాబాదులో నిఖత్ జరీన్ చిన్నప్పుడు మైదానంలో చూసింది. అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలున్నారు, బాక్సింగులో లేరు. ఎందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్ గారిని అడిగింది. ఆయన ఆమెను శంసముద్దీన్ గారి దగ్గర చేర్చారు. దెబ్బలు తిన్న మొహం చూసి తల్లి ఏడ్చింది. చుట్టాలూ నాలుగు మాటలన్నారు. తండ్రి వెనక్కి తగ్గలేదు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. 2017లో భుజానికి గాయం. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు తనకూ ట్రయల్ కావాలని మేరీ కోమ్ అంతటి మనిషి ఎదురుగా నిలబడి అడిగింది. ట్రయల్ జరిగింది, 1-9తో ఓడిపోయింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్ళీ చాంపియన్. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. అయినా మన ఇద్దరు పిల్లలు మీటింగుకు కబురు పంపింది ఆమెను చూసే.

ఇక మా సంగతి. 2001లో మేము వాల్తేరు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి పదమూడేళ్ళు. బాక్సింగ్ నేర్చుకుంటానంది. "మొహం పాడైతే నిన్నెవరు చేసుకుంటారు?" అని మేమిద్దరం ఒకే గొంతుతో అన్నాం. మళ్ళీ అడగలేదు. 2008లో చైనాలో, నింగ్బోలో జరిగిన ప్రపంచ పోటీల్లో విశాఖపట్నం అమ్మాయి నగిశెట్టి ఉష 57 కిలోల్లో వెండి పతకం తెచ్చింది. 2020లో ఆమెకు ధ్యాన్‌చంద్ అవార్డు కూడా వచ్చింది. ఆ వెండి వార్త ఉన్న పేపరు మా అమ్మాయి మడత పెట్టి మా కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. అప్పటికి మేము సంబంధాలు చూస్తున్నాం. మా పిల్ల కూడా పతకం తెచ్చేదని అనడం లేదు. ఆడి ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వలేదు, అదే మా బాధ.

బిస్సమ్ కటక్‌లో రింగు లేదు, నిజమే. మొదట్లో రింగు అక్కర్లేదు. రెండు జతల గ్లవ్స్, చేతికి చుట్టుకునే పట్టీలు, తలకు గార్డు, పళ్ళకు గార్డు, ఒక సంచి చాలు. నేర్పేవాళ్ళ కోసం విశాఖపట్నంలో మేము అడుగుతాం, రైలు చార్జీ మాది. తెలిసిన కోచ్ దొరికే దాకా ఒకరినొకరు గుద్దుకోవడం వద్దు, సంచి మీదే నేర్చుకోనివ్వండి. డాక్టరు చూసి సరే అన్నాకే మొదలు.

వచ్చే ఆదివారం ఓటు పెడతారు. పోయినసారి నవ్వినందుకు ఆ ఇద్దరు పిల్లల ఇళ్ళకు వెళ్ళి వచ్చాం. ఒక ఇంట్లో టీ ఇచ్చారు. రెండో ఇంట్లో తండ్రి ఏమీ మాట్లాడలేదు. ఆయనను మీటింగుకు తీసుకురావలసిన బాధ్యత మనందరిదీ.