బాకా మూగబోయిన కథ

బెజవాడ నుంచి జగదల్‌పూర్ దారి పట్టి మైలవరం, ఎ.కొండూరు దాటితే తిరువూరు వస్తుంది. మామిడి తోటల నడుమ, ఖమ్మం సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఈ దారిలోని మైలవరంలోనే ఒకప్పుడు జమీందారు అండతో బాలభారతీ నాటక సమాజం నడిచింది. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు ఆ సమాజంలో వెలిగినవారే. అప్పటికి మైకు లేదు. పందిట్లో ఆఖరి చాప మీద కూర్చున్న మనిషికి కూడా పద్యం చివరి అక్షరం దాకా చేరాలి. అందుకు నటుడి దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే. ఏళ్ల తరబడి సాధన చేసి, హెచ్చు శ్రుతిలో నిలబెట్టి, ఊపిరి బిగబట్టి రాగం తీస్తే ‘వన్స్‌మోర్’ అని జనం కేకలు పెట్టేవారు. పాడినవాడు మళ్లీ అదే పద్యం మొదటి నుంచీ ఎత్తుకునేవాడు.

అలాంటి గొంతుకు తోడబుట్టిన వస్తువు గ్రామఫోను బాకా. దానికీ కరెంటు తెలియదు. చిన్న చప్పుడును గదినిండా పరిచే పని తన ఆకారంతోనే చేసుకొచ్చింది. ఆ గొంతూ ఈ బాకా ఒకే కాలంలో వెలిగాయి, ఒకే దెబ్బకు కూలిపోయాయి. కాలం మారితే వస్తువులు పోవడం మామూలే. బాకా పోయిన తీరు మాత్రం మామూలుది కాదు.

ఎడిసన్ 1877లో తగరపు రేకు చుట్టిన సిలిండరు మీద తన మాటను తానే విన్నాడు. యంత్రం పలికింది గానీ పీలగా పలికింది. తర్వాత పదిమంది తిరిగే చోట్ల ఫోనోగ్రాఫులు పెట్టినప్పుడు వాటికి రబ్బరు గొట్టాలు తగిలించేవారు. డబ్బులిచ్చి ఆ గొట్టం చెవిలో పెట్టుకున్నవాడికే పాట. పక్కనున్నవాడికి ఏమీ వినపడదు.   చెవిలోని గొట్టం తీసేసి ఆ చోట ఒక రేకు బాకా పెట్టగానే ఒక్కడి పాట ఇంటిల్లిపాది పాట అయింది. ఎమిల్ బెర్లినర్ 1887లో సిలిండరు మానేసి చదునైన ప్లేటు పట్టుకొచ్చినా బాకాను మాత్రం వదల్లేదు. వదిలితే ఆ ప్లేటు మాట ఎవరికీ వినపడదు.

ఇంత పని చేసిన బాకా ఎంత తేలికైనదో చేతులతో చేసి చూస్తేనే తెలుస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటు, అరిగిపోయి పనికిరానిది, ఒకటి తీసుకోండి. మంచి ప్లేటు వద్దు, గాడి పాడవుతుంది. డ్రాయింగు షీటును పొట్లంలా చుట్టి, అంచు జిగురుతో అంటించి, మొన దగ్గర ఒక గుండుసూదిని ఏటవాలుగా గుచ్చండి. ప్లేటు తిరుగుతుండగా సూది మొనను గాడిలో ఆనించి, పొట్లాన్ని వేళ్ల మధ్య వదులుగా పట్టుకోండి. పొట్లం లేకుండా సూదిని ఆనిస్తే చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదు. పొట్లం ఉంటే హార్మోనియం వినపడుతుంది, మాట తెలుస్తుంది, వేళ్ల చివర్లలో పాట అదురు తగులుతుంది. తిరువూరు బళ్లో ఏ పిల్లవాడైనా పది నిమిషాల్లో చేయగల పని ఇది.

కాగితం పొట్లం కొత్తగా శక్తినేమీ కలపదు. ప్లేటును తిప్పే చెయ్యి ఇచ్చిన బలమే ఉన్న బలమంతా. చిన్న సూది గానీ, దానికి తగిలించిన రూపాయి బిళ్లంత పలుచని రేకు గానీ అదిరినప్పుడు చుట్టూ ఉన్న గాలి పక్కలకు జారుకుంటుంది. అదురు గాలికి అందక వృథా అవుతుంది. బాకా ఇరుకైన గొంతులో ఆ గాలిని జారిపోకుండా పట్టి, మెల్లమెల్లగా వెడల్పు చేసుకుంటూ పోయి, విశాలమైన నోటి దగ్గర గదిలోని గాలికి అప్పజెప్తుంది.

ఆ వెడల్పు పెరిగే తీరులోనే కిటుకంతా ఉంది. సమానమైన దూరాలకు బాకా లోపలి వైశాల్యం రెట్టింపవుతూ పోవాలి. ప్రతి 10 సెంటీమీటర్లకూ రెట్టింపయ్యే బాకా సుమారు 190 హెర్ట్జ్ వరకే కిందికి దిగగలదు. అంతకన్నా మంద్రమైన స్వరం అందులో నిలవదు. ఆ స్వరాన్ని నోటి దగ్గర సరిగ్గా వదలాలంటే నోటి వ్యాసం 57 సెంటీమీటర్లు ఉండాలి. గొంతు ఒక చదరపు సెంటీమీటరుతో మొదలైతే పొడవు మీటరు దాటుతుంది. ఇంకా కిందికి, 130 హెర్ట్జ్ దాకా దిగాలంటే నోరు 84 సెంటీమీటర్లు, పొడవు 180 సెంటీమీటర్లు కావాలి. ఇంట్లో మనిషంత బాకాను ఎవరు పెట్టుకుంటారు? అందుకే అప్పటి బాకాలు మంద్రాన్ని వదులుకుని మధ్య, తార స్థాయిలనే పట్టుకున్నాయి. మన రంగస్థల గాయకుడి హెచ్చు శ్రుతి బాకాకు అంత బాగా అమరింది ఇందుకే. ఆఖరి చాప కోసం పైకెత్తిన గొంతు బాకాలోనూ నిండుగా పలికింది.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ లండన్ నుంచి కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును మైనం మీదికి ఎక్కించాడు. ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చై తిరిగి ఇక్కడికి వచ్చాయి. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే ఫ్యాక్టరీ పెట్టారు. ప్లేట్లకు కావలసిన లక్క మన అడవులది. బెంగళూరు నాగరత్నమ్మ, కోయంబత్తూరు తాయి లాంటి విదుషీమణులు అప్పుడు పాడింది బాకాలోకే. రికార్డు చేసేటప్పుడు కూడా మైకు లేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన బాకా నోట్లోకి తల వంచి పాడాలి. పై స్వరానికి వెళ్లేటప్పుడు కాస్త వెనక్కి జరగాలి, లేకపోతే మైనం మీద గాడి చెదురుతుంది. వయొలిన్ చప్పుడు అందడం లేదని స్ట్రో అనే ఆయన దాని బొజ్జ తీసేసి రేకు బాకా తగిలించాడు. పాడినవారి ఊపిరి మైనం మీద గాడి కోసింది. విన్నవారి చెయ్యి తిప్పిన కీ ఆ గాడిని తిరిగి పలికించింది. ఈ రెండింటి మధ్య చప్పుడును పెంచే మరో శక్తి ఏదీ లేదు.

బాకా ముఖం లోకానికి తెలిసింది ఒక కుక్క వల్ల. ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు నిప్పర్ అనే కుక్క ఫోనోగ్రాఫు ముందు చెవి ఒగ్గి కూర్చున్నట్టు బొమ్మ గీశాడు. అందులోని నల్ల బాకా కళావిహీనంగా ఉందనిపించి, మెరిసే ఇత్తడి బాకా ఒకటి అరువిమ్మని గ్రామఫోన్ కంపెనీని అడగబోయాడు. యంత్రాన్నే మార్చి మాది గీస్తే బొమ్మ కొంటామన్నారు వాళ్లు. 1899లో 50 పౌన్లు బొమ్మకూ, మరో 50 హక్కులకూ ఇచ్చారు. తెలుగు ఊళ్లలో ‘కుక్క బొమ్మ ప్లేట్లు’ అన్న పేరు అలా పుట్టింది. పూరేకుల్లా విచ్చుకుని, ఉమ్మెత్త పువ్వును తలపించే రంగు బాకాలు వచ్చిన కాలం కూడా అదే.

పతనం అక్కడి నుంచే మొదలైంది. పెద్ద ఇళ్లవాళ్లకు హాల్లో అంత బాకా అడ్డం అనిపించింది. దుమ్ము పడుతోంది, చీర కొంగు తగులుతోంది. 1906లో అమెరికాలోని విక్టర్ కంపెనీ బాకాను మడిచి బీరువా కడుపులో దాచి, విక్ట్రోలా అని పేరు పెట్టి 200 డాలర్లకు అమ్మింది. చప్పుడు తగ్గించాలంటే తలుపులు మూయడమే. జనానికి ఇది నచ్చింది. ఊరంతటికీ ముఖం చూపించిన బాకా తలుపుల వెనక్కి పోయింది.

అదే రోజుల్లో బాకా తరఫున ఒక మహా ఇంజనీరు పోరాడాడు. ఆవిరి టర్బైను కనిపెట్టిన చార్ల్స్ పార్సన్స్, అంతకుముందు హొరేస్ షార్ట్ చేసిన ప్రయత్నాన్ని అందుకుని ఆక్సెటోఫోన్ తయారుచేశాడు. పలుచని రేకు ఉండే చోట ఒక చిన్న కవాటం పెట్టాడు. సూది అదురుకు కవాటం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, పంపు నుంచి వచ్చే ఒత్తిడి గాలి పాటగా మారి బాకాలోంచి దూసుకొచ్చేది. పెద్ద హాళ్లు కూడా నిండేంత చప్పుడు. అయితే పాట ఆగిన చోటల్లా గాలి బుస వినపడేది. పంపు మోతకు దాన్ని వేరే గదిలో పెట్టాల్సి వచ్చేది. ధర మామూలు సంసారికి అందేది కాదు. కొద్ది ఏళ్లకే అదీ మూలపడింది.

ఇక 1925. ఈ కథలో గుండె తరుక్కుపోయే చోటు ఇదే. అప్పటిదాకా బాకాలు చేసినవారంతా కంటితో చూసి, చెవితో విని, అందాజుగా చేసినవారు. ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1919లో బాకా సమీకరణం అచ్చువేశాడు. ఆ లెక్క ఇళ్లలో పలకడం చూడకుండానే 1923లో కన్నుమూశాడు. టెలిఫోను ఇంజనీర్లు మాక్స్‌ఫీల్డ్, హారిసన్ సూది నుంచి బాకా నోటి దాకా ప్రతి భాగాన్నీ లెక్క కట్టి అమర్చారు. 1925 నవంబరులో ఆర్థోఫోనిక్ విక్ట్రోలా బయటికొచ్చింది. మడతలు పడిన పొడుగాటి బాకా, లెక్క ప్రకారం రెట్టింపయ్యే వెడల్పు. అంతకుముందు ఏ యంత్రమూ పలకని మంద్రం అందులో పలికింది. యాభై ఏళ్ల వయసులో బాకా తన పూర్తి రూపం అందుకుంది.

అదే ఏడాది రైస్, కెలాగ్ అనే ఇద్దరు కాగితపు కోనూ తీగచుట్టా ఉన్న లౌడ్‌స్పీకరు వివరాలు ప్రకటించారు. వాల్వులతో నడిచే యాంప్లిఫయరు ఎంత బలం కావాలంటే అంత పోస్తుంటే, గాలిని ఒడుపుగా పట్టుకునే విద్యతో ఎవరికీ పని లేకపోయింది. బాకాకు పట్టం కట్టిన సంవత్సరమే దాని వారసుడు తలుపు తట్టాడు. ఆర్థోఫోనిక్ ప్రాణం పోసుకున్నది కూడా మైకుతో రికార్డు చేసిన కొత్త ప్లేట్ల కోసమే. 1929లో విక్టర్‌ను రేడియో కంపెనీ ఆర్‌సీఏ కొనేసింది. ఆ ఏడాది అక్టోబరులోనే ఎడిసన్ రికార్డుల వ్యాపారం మూసేశాడు.

మన వైపు ఈ దెబ్బ ఆలస్యంగా తగిలింది, ఒక్కసారిగా కాకుండా విడతలుగా తగిలింది. నాటకాల పద్యాలు ప్లేట్ల మీదికెక్కి ఊరూరా తిరిగిన కాలానికి మద్రాసులో రికార్డింగుకు మైకు వచ్చేసింది. వినడం మాత్రం ఇంకా బాకాతోనే. కపిలవాయి రామనాథశాస్త్రి, డి.వి. సుబ్బారావు, స్థానం నరసింహారావు లాంటి వారి గొంతులు కరెంటు లేని పల్లెలకు కూడా చేరాయంటే, కీ ఇచ్చే పెట్టె వల్లే. 1931లో కుక్క బొమ్మ కంపెనీ తెచ్చిన హెచ్‌ఎంవీ 102 సూట్‌కేసులాంటి పెట్టె. బాకా దాని అడుగున ముడుచుకుని ఉండేది. ప్లేటు పక్కకో కొత్త ముల్లు, మూడు నిమిషాలకో కీ. తిరువూరు లాంటి తాలూకాల్లో బాకాకు ఇంకొన్నాళ్లు ఆయుష్షు పోసింది ఊళ్లకు కరెంటు రాకపోవడమే.

తర్వాత టాకీలు వచ్చి నాటకాల పందిళ్లను పలచన చేశాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. కరెంటు స్తంభాలు వచ్చాయి. మైకు సెట్టు వచ్చింది. పెళ్లికీ, జాతరకూ చెట్టుకొమ్మకు కట్టిన బూర ఆ బాకా వంశానిదే. అయితే దాని వెనక ఇప్పుడు యాంప్లిఫయరు ఉంది. స్టేజీ మీద నటుల తలల పైన మైకులు వేలాడాయి. ఆ మైకు కింద హెచ్చు శ్రుతి అవసరం తీరిపోయింది. ఆఖరి చాప దాకా గొంతును పంపడం కోసం చేసే ఏళ్ల సాధన కూడా దానితోపాటే తగ్గిపోయింది. పద్యనాటకం ఇవాళ్టికీ ఆడుతూనే ఉంది, బాగా పాడేవాళ్లూ ఉన్నారు. కానీ వట్టి గొంతుతో పందిరి నింపిన విద్యను మళ్లీ నేర్పగలవాళ్లు అరుదు. ఈ నష్టాన్ని మనం ఎక్కడా రాసుకోలేదు.

బాకాకు జరిగిన చివరి అవమానం ఇంకోటి ఉంది. నగరాల పాత వస్తువుల బజార్లలో ఇవాళ ఇత్తడి బాకాతో తళతళలాడే గ్రామఫోన్లు చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఈమధ్య అతికించి చేసినవే. బాకా వంపులో లెక్క ఉండదు, గొంతు దగ్గర అతుకు గాలి వదిలేస్తుంది. హోటల్ లాబీలో, పెళ్లి ఫొటోల వెనక అలంకారంగా నిలబడుతున్నాయి. పలకడం కోసమే పుట్టిన ఆకారం ఇప్పుడు పలకకుండానే అమ్ముడుపోతోంది.

అందుకని ఒక విన్నపం. ఎవరింటి అటకమీదైనా పాత పెట్టె గానీ బాకా గానీ ఉంటే తూకానికి వేయకండి, విడదీసి అమ్మకండి. ఆ బాకా పొడవు, నోటి కొలత, గొంతు కొలత ఒక కాగితం మీద రాసి దానితోనే ఉంచండి. పాత పద్యాల ప్లేట్లను కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నవారు చరచరను తుడిచేసి, మంద్రాన్ని పెంచి శుభ్రం చేస్తున్నారు. అది మంచి పనే. దానితోపాటు బాగా పలికే బాకా ముందు మైకు పెట్టి, అదే పద్యాన్ని ఒకసారి ఉన్నదున్నట్టు కూడా రికార్డు చేయాలి. మన తాతలు విన్నది ఆ నాదాన్నే. బళ్లో ధ్వని పాఠం చెప్పే మాస్టారు కాగితం పొట్లం ప్రయోగం ఒక్కటి చేయించినా చాలు. ఉన్న బలాన్ని వృథా పోనివ్వకుండా పదిమందికి పంచడం ఎలాగో పిల్లలకు తెలుస్తుంది. మైలవరం పందిట్లో పాడినవారి విద్యా అదే, బాకా విద్యా అదే. ఆ విద్యను పోగొట్టుకున్నామని ఒప్పుకోవడమైనా వారికి మనం బాకీ ఉన్నాం.