హైదరాబాద్‌ - దుబాయ్‌: దూరమెంత? ఎంతసేపు పడుతుంది? టికెట్‌పై సమయాన్ని ఎలా చదవాలి?

హైదరాబాద్‌ నుంచి దుబాయ్‌కి విమానం ఉదయం 10.00కు బయల్దేరి మధ్యాహ్నం 12.30కు చేరుతుందని మీ టికెట్‌పై ఉందనుకోండి. అంటే ప్రయాణం రెండున్నర గంటలేనా? కాదు, నాలుగు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి 10.00కు బయల్దేరి తెల్లవారుజామున 3.00కు దిగుతుందని ఉంటే, చూడ్డానికి ఐదు గంటలు. నిజానికి మూడున్నరే. ఈ లెక్క ఏమిటో, ఎక్కడ పొరపాటు పడే అవకాశం ఉందో తెలుసుకుందాం.

దూరం ఎంత?

శంషాబాద్‌ విమానాశ్రయం నుంచి దుబాయ్‌ అంతర్జాతీయ విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. విమానాలు నిర్దేశించిన గగన మార్గాల్లో వెళ్లాలి కాబట్టి వాస్తవంగా ఇంతకంటే కొంత ఎక్కువే ప్రయాణిస్తాయి.

నాలుగు గంటలు ఎందుకు?

జెట్‌ విమానం గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన మూడు గంటలు చాలు. కానీ టికెట్‌పై ఉండేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు. ఇక్కడ విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగే వరకూ లెక్కే. రన్‌వే వరకు వెళ్లడం, దిగేందుకు వంతు కోసం ఆగడం కూడా అందులోనే ఉంటాయి.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు?

పైన, ముఖ్యంగా చలికాలంలో, గాలులు పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. దుబాయ్‌ వెళ్లేటప్పుడు అవి ఎదురవుతాయి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తాయి. అందుకే తిరుగు ప్రయాణం దాదాపు అరగంట తగ్గుతుంది.

గంటన్నర తేడా మరవొద్దు

టికెట్‌పై ఏ ఊరి సమయం ఆ ఊరిదే. దుబాయ్‌ మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. వెళ్లేటప్పుడు టికెట్‌లో కనిపించే వ్యవధికి గంటన్నర కలపండి. వచ్చేటప్పుడు తీసేయండి.

తేదీ దగ్గరే అసలు చిక్కు

టికెట్‌పై ‘15వ తేదీ 01.30’ అని ఉంటే, అది 14వ తేదీ అర్ధరాత్రి దాటాక వచ్చే 1.30. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరుకోవాలి కాబట్టి 14వ తేదీ రాత్రి 10.30కే విమానాశ్రయంలో ఉండాలి. జగిత్యాల నుంచి శంషాబాద్‌ 200 కిలోమీటర్లకు పైనే. రోడ్డుపై ఐదు గంటలు వేసుకుంటే 14వ తేదీ సాయంత్రం 5.30కల్లా ఇంటి నుంచి కదలాలి. ‘15 రాత్రి కదా’ అనుకుని 15 సాయంత్రం బయల్దేరితే, అప్పటికి విమానం వెళ్లిపోయి 16 గంటలవుతుంది.

ఇంటి నుంచి ఇంటికి ఎంత?

విమానంలో నాలుగు గంటలే అయినా జగిత్యాల వారికి రోడ్డుపై ఐదు, విమానాశ్రయంలో మూడు, అక్కడ దిగాక ఇమిగ్రేషన్‌, సామాన్లకు ఒకటి కలిపి 13 గంటలు పడుతుంది.

ఊళ్లో కష్టం వచ్చి అత్యవసరంగా బయల్దేరిన వారి కోసం ఎదురుచూసే కుటుంబాలకూ ఈ లెక్క అవసరమే. దుబాయ్‌లో రాత్రి 10.00కు విమానం ఎక్కితే శంషాబాద్‌లో దిగేది తెల్లవారుజామున 3.00కు. బయటికి రావడానికి గంట, రోడ్డుపై ఐదు గంటలు. జగిత్యాల ఇంటికి చేరేసరికి ఉదయం 9.00. చేయాల్సిన ఏర్పాట్లు ఆ వేళను బట్టి పెట్టుకోండి.

టికెట్‌ చేతికి రాగానే చూడాల్సినవి

• తేదీ, 24 గంటల పద్ధతిలో సమయం.
• రాక సమయం పక్కన ‘+1’ ఉంటే మర్నాడు చేరుతుందని అర్థం.
• విమానాశ్రయం కోడ్‌. డీఎక్స్‌బీ అంటే దుబాయ్‌, ఎస్‌హెచ్‌జే అంటే పక్కనే ఉన్న షార్జా. మిమ్మల్ని తీసుకెళ్లేందుకు వచ్చేవారికి ఇది ముందే చెప్పండి.
• మధ్యలో మరో ఊళ్లో ఆగే టికెట్‌ అయితే అక్కడ ఎంతసేపు ఉండాలో.