ఇంటి కుందేలు – చేని చెవులపిల్లి



“తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు” అను సామెత మన పల్లెలలో నెఱుగనివారుండరు. తార్కికులు లేని వస్తువునకు దృష్టాంతముగా కుందేటి కొమ్మును చూపుదురు. దానికి శశవిషాణమని పేరు. చంద్రునిలోని మచ్చను కుందేలుగా భావించి ఆయనను శశాంకుడన్నారు. పంచతంత్రమున సింహమును నూతిలో దూకించినదియు కుందేలే. ఇట్లు సామెతలోను, శాస్త్రములోను, కథలోను మనకు చిరపరిచితమైన కుందేలు చేలలో తిరుగునది. నేడు పిల్లలు ముచ్చటపడి యింట పెంచుకొను తెల్లకుందేలు వేఱు. అది దూరదేశమునుండి వచ్చినది. ఈ భేదమెఱుగని మనచేత రెండును బాధపడుచున్నవి. కావున వీని చరిత్రమును కొంత విన్నవించెదను.

ఆలంపురపు నడిగడ్డలో, కృష్ణా తుంగభద్రల నడుమనున్న చేలలో తిరుగు జంతువును మనవారు చెవులపిల్లి యందురు. ఇది బొరియ త్రవ్వదు. గడ్డిదుబ్బు ప్రక్కనో, దుక్కిచాలులోనో చిన్న గుంట చేసికొని యందు అణగి పండుకొనును. మనిషి మిక్కిలి చేరువకు వచ్చువఱకు కదలదు; పిమ్మట బాణమువలె లేచి పోవును. పరుగే దానికి కోట. దాని పిల్లలు నలువది దినములకు పైగా గర్భమున నుండి, ఒడలినిండ బొచ్చుతో, కన్నులు తెఱచియే పుట్టును.

ఇంటి కుందేటి పూర్వులు స్పెయిన్, పోర్చుగల్ దేశములవి. అవి నేలను బొరియలు త్రవ్వి గుంపులుగా నివసించును. ముప్పది దినములకే పిల్లలు బొచ్చు లేక, కన్నులు విప్పక, బొరియ లోపల పుట్టును. రూపమున నొకటిగా దోచినను ఈ రెండు జాతులకు కలయికవలన సంతానము కలుగదు.

క్రీ.పూ. 1వ శతాబ్దిలో వారో అను రోమక పండితుడు తన వ్యవసాయ గ్రంథమున, గోడలు కట్టిన దొడ్లలో ఇట్టి జంతువులను పెంచు విధమును వ్రాసెను. వీని త్రవ్వుడు నాటికే ప్రసిద్ధము. బేలియారిక్ దీవుల ప్రజలు కుందేళ్ళ బాధ కోర్వలేక అగస్టస్ చక్రవర్తిని సైన్యసహాయము వేడిరని ప్లినీ చెప్పియున్నాడు. 7వ శతాబ్దిలో బాదామి చాళుక్యుల కాలమున తుంగభద్ర యొడ్డున మన నవబ్రహ్మాలయములు వెలయుచుండగా, ఇచ్చటి చేలలో చెవులపిల్లులు మాత్రమే యుండెను. బొరియ కుందేలు ఐరోపాలో, మధ్యయుగములందు, మాంసమునకును బొచ్చునకును పెంచబడి క్రమముగా మచ్చికయైనది. అది యొక్క దినమున, ఒక్కరిచేత జరిగిన పని కాదు. కేవలము ముచ్చటకై పెంచుట విరివియైనది 19వ శతాబ్దిలోనే.

అదే శతాబ్దిలో, 1859వ సంవత్సరమున, థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటవినోదమునకై ఇంగ్లండునుండి కొన్ని కుందేళ్ళను తెప్పించి ఆస్ట్రేలియాలో విడిచెను. వాని సంతతి దేశమంతయు వ్యాపించి పచ్చికలను నాశనము చేసినది. 1901 మొదలు 1907 వఱకు పశ్చిమ ఆస్ట్రేలియాలో అతిదీర్ఘమైన కంచెను కట్టియు వానిని ఆపలేకపోయిరి.

ఇక, చేని చెవులపిల్లిని ఇంట పెంచరాదా యని కొందఱడుగవచ్చును. దీనికి చరిత్రలో నొక నిదర్శనము గలదు. విలియం కూపర్ అను ఆంగ్లకవి తీవ్రమైన మనోవ్యాధిచే కృశించి, 1774 ప్రాంతమున ఓల్నీ అను ఊర నుండెను. పొరుగింటి పిల్లలు తమకిచ్చిన చెవులపిల్లి కూనను వేధించుటయేగాని మేపుట తెలియక, కొలది దినములలోనే విసిగి విడిచిరి. కూపర్ దానిని చేరదీసెను. పిమ్మట మఱి రెండింటిని పెంచి, వానికి పెట్టెలను స్వయముగా చెక్కెను. సాయంకాలమున అవి కూర్చుండు గదిలోనికి వచ్చి గంతులు వేయుచుండెడివి. వానిలో పస్ అనునది జబ్బుపడగా మూడు దినములు సేవచేసెను. కోలుకొని అది యాతని చేయి నాకెను. అది పదునొకండేండ్లకు పైగా జీవించెను. టైనీ యనునది ఎంత ప్రేమించినను కడవఱకు మచ్చిక కాలేదు. బెస్ అనునది మొదటినుండియు బెదురులేనిదైనను, ఎదిగిన కొలదికాలమునకే చనిపోయెను. ఈ సంగతులలో పెక్కింటిని కూపరే 1784లో పత్రికాముఖమున ప్రకటించెను. అంత తీరిక, అంత ఓర్పు గల మహానుభావునకే మూటిలో ఒకటి లొంగలేదు. పైగా మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చెవులపిల్లిని పట్టుటను నిషేధించుచున్నది.

ఇంటి కుందేటి అల్లరిని గూర్చి రెండు మాటలు. అది చాపను, పుస్తకమును, మంచపు నులకను, కరెంటు తీగను కొఱుకును. పరుపును గోళ్ళతో తవ్వును. ఇది పొగరు కాదు. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక నమలుచుండవలసినదే. బొరియజాతి గనుక త్రవ్వవలసినదే. గవదను వస్తువులకు రాచుట “ఇది నాది” యని చెప్పుట. వెనుకకాలితో నేలను దబ్బున కొట్టుట తనవారికి అపాయము దెలుపుట. తన మెత్తని పెంటికలను తానే తినుట రోగము కాదు, దాని జీర్ణపద్ధతియే. కావున దానికి ఎండుగడ్డి ఎల్లప్పుడు సమృద్ధిగా నుంచి, తవ్వుకొనుటకు గడ్డి నింపిన పెట్టె నమర్చి, తీగలను అందని యెత్తున కట్టవలెను. చెవులు పట్టి యెత్తరాదు. ఆ చెవులద్వారానే అది ఒంటివేడిని వెడలించుకొనును. మన మండు వేసవి దానికి ప్రాణాంతకము. నీడయు, గాలియు, నీరును తప్పక కావలెను. ఇవి అమర్పలేనివారు తెచ్చుకొనకుండుటయే దయ. పెంచలేక పొలమున విడిచిపెట్టుట దానిని కుక్కలపాలు చేయుటయే.

పెద్దలకు ముఖ్యముగా మనవి చేయునది వేఱొకటి గలదు. దున్నునప్పుడు, కలుపు తీయునప్పుడు, కోతలవేళ చాలులో ఒంటిగా నణగియున్న చెవులపిల్లి కూన కనబడును. తల్లి విడిచినదని జాలిపడి పిల్లలు ఒడిలో పెట్టుకొని యింటికి తెత్తురు. ఆవుపాలు పోయుదురు. తఱచుగా అది కొలది దినములలో చచ్చును. నిజమునకు దానిని తల్లి విడువలేదు. తాను దగ్గఱనున్నచో శత్రువు జాడ పట్టునని పగలెల్ల దూరముగా నుండి, చీకటిపడు వేళ వచ్చి పాలిచ్చి పోవును. మనము దయయనుకొన్నది తల్లికి బిడ్డను దూరము చేయుట యగుచున్నది. కనుక దుక్కిలో కూన కనబడినచో నాగలిని ప్రక్కకు త్రిప్పుడు. తప్పనిచో గట్టు ప్రక్క గడ్డిలోనికి, చేరువనే, జరిపి విడువుడు. ఈ మాట మీరు చెప్పినచో పిల్లలు విందురు.

ఇంటికి వచ్చినదానికి బొరియ మఱపింపవలెను. చేనిలోనున్నదానికి చేనినే మిగుల్పవలెను. రెండును భూతదయయే.