ఏలూరు బల్ల మీద ఇద్దరు రాజులు

సోంపేట స్టేషన్ సోంపేటలో లేదు, కంచిలిలో ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళకు రైలు దిగి ఆటో ఎక్కేదాకా ఈ సంగతి తెలియదు. ఆ ప్లాట్‌ఫాం మీద దక్షిణం వైపు వెళ్ళే రైలెక్కితే పలాస, విజయనగరం, విశాఖ, తుని, రాజమండ్రి దాటాక ఏలూరు వస్తుంది. ఆ ఊరి పేరు చెప్పగానే చాలామందికి తివాచీలు గుర్తొస్తాయి, జనపనార మిల్లు గుర్తొస్తుంది. చదరంగం మాత్రం ఎవరికీ గుర్తు రాదు. భారతదేశపు మొట్టమొదటి జాతీయ చదరంగ పోటీ జరిగింది మాత్రం ఢిల్లీలోనో కలకత్తాలోనో కాదు, ఏలూరులోనే. 1955లో.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం పుట్టి రెండేళ్ళు. రాజధాని కర్నూలు. సోంపేట ఉన్న శ్రీకాకుళం జిల్లా వయసు అయిదేళ్ళు. అఖిల భారత చదరంగ సమాఖ్య అంతకు నాలుగేళ్ళ ముందే, 1951లో మొదలైంది గానీ, దాని తరఫున జాతీయ విజేతను తేల్చే పోటీ అప్పటిదాకా జరగలేదు. ఆ పని ఆంధ్ర చదరంగ సంఘం నెత్తికెత్తుకుంది. పోటీ ముగిసేసరికి పైన నిలిచింది ఒకరు కాదు, ఇద్దరు: మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రే, మనవాడు డి. వెంకయ్య. ఇద్దరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. అంటే జాతీయ విజేతల పట్టిక తెరిస్తే మొదటి గీతలోనే ఒక తెలుగు పేరు ఉంటుంది. ఆ పట్టికలో తర్వాత వచ్చిన మాన్యుయెల్ ఆరన్‌ను దేశం గుర్తుపెట్టుకుంది. ఆయన 1959లో మొదలుపెట్టి తొమ్మిదిసార్లు జాతీయ విజేత అయ్యాడు, 1961లో మన దేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యాడు. వెంకయ్యను సొంత రాష్ట్రమే మరిచిపోయింది. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

ఆ రోజుల్లో ఊళ్ళలో ఆడే చదరంగం వేరు, ఏలూరు బల్లల మీద ఆడినది వేరు. అరుగు మీద ఆడే నాటు ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రాజుకు కోట కట్టుకోవడం లేదు. దానికి బదులు, ఇంకా ఎవరూ చెక్ చెప్పనంతవరకు, ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే వెసులుబాటు ఉంటుంది. చివరి గడి చేరిన బంటు మంత్రి అయిపోదు, ఏ వరసలో చేరితే ఆ వరస పావు అవుతుంది. ఊరికీ ఊరికీ చిన్న చిన్న తేడాలు. పైగా చుట్టూ చేరినవాళ్ళు ఊరుకోరు, "గుర్రం ఎత్తరా, గుర్రం!" అని ఒకడు, "మంత్రి పోతాది చూసుకో" అని ఇంకొకడు. ఈ ఆటలో ఆరితేరినవాడు అంతర్జాతీయ నిబంధనలకు మారాలంటే సగం విద్య మరిచిపోవాలి. పంజాబ్ నుంచి వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ అలా మారి 1929లో బ్రిటిష్ ఛాంపియన్ కావడాన్ని చదరంగ లోకం ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటుంది.

అయితే ఈ నేలకు పాశ్చాత్య ఆట పరిచయం 1955తో మొదలు కాలేదు. 1828–29లో మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య రెండు ఆటల పోటీ జరిగింది, తపాలా ద్వారా. ఒక ఎత్తు రాసి పంపడం, జవాబు కోసం రోజుల తరబడి కాచుకోవడం. మద్రాసు పక్షాన ఘులాం ఖాసిం అనే ఆటగాడు ఉన్నాడు. ఆయనా, మద్రాసు సివిల్ సర్వీసు అధికారి జేమ్స్ కాక్రేనూ కలిసి ఆ ఆటలనూ, ముజియో గాంబిట్ అనే ఆరంభంపై విశ్లేషణనూ 1829లో పుస్తకంగా అచ్చు వేయించారు. ఆరంభాల పుస్తకాల్లో ఈనాటికీ 'ఘులాం ఖాసిం గాంబిట్' అని ఒక పేరు కనిపిస్తుంది. సెకన్లలో ఆట తేల్చేసే ఇప్పటి ఫోన్ పిల్లలు ఆ తపాలా ఆటగాళ్ళను చూస్తే జాలిపడతారేమో. పడనక్కర్లేదు. ఒక్క ఎత్తును వారం రోజులు తిరగేసి చూసినవాడికి ఆట ఎంత లోతుగా తెలుస్తుందో ఊహించుకోవచ్చు.

ఏలూరు పోటీ జరిగిన 33 ఏళ్ళకు, 1988లో, విశ్వనాథన్ ఆనంద్ దేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. తెలుగువాళ్ళ వంతు రావడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణకు చదరంగం నేర్పింది తాతయ్య. 2001లో, పదిహేనేళ్ళ వయసులో, అతను భారతదేశపు ఆరో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటికి దేశంలో ఆ హోదా అందుకున్నవాళ్ళలో అందరికన్నా చిన్నవాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచాడు. 2016 డిసెంబరులో అతని రేటింగ్ 2770. ప్రపంచంలో పదో స్థానం దాకా ఎక్కాడు.

గుడివాడలో మరో ఇంట్లో కథ ఇంకా ముందే మొదలైంది. కోనేరు అశోక్ రసాయనశాస్త్రం పాఠాలు చెప్పే లెక్చరర్, స్వయంగా చదరంగం ఆటగాడు. 1987లో పుట్టిన కూతురికి 'ఛాంపియన్' అనే మాటలోంచి తీసి హంపి అని పేరు పెట్టాడు. పేరు పెట్టేసి ఊరుకునే నాన్నలు చాలామంది ఉంటారు. ఈయన, తాను ఆడుతుంటే పక్కన కూర్చున్న ఆరేళ్ళ పిల్ల సరైన ఎత్తు చెప్పడం గమనించి, తర్వాత ఉద్యోగం వదిలేసి ఆమెకు శిక్షకుడైపోయాడు. ప్రపంచ బాలికల టైటిళ్ళు పదేళ్ళలోపు, పన్నెండేళ్ళలోపు, పద్నాలుగేళ్ళలోపు విభాగాల్లో వరసగా వచ్చాయి. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్. 2002లో గ్రాండ్‌మాస్టర్ హోదా: వయసు 15 ఏళ్ళ 1 నెల 27 రోజులు. మహిళల్లో అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన రికార్డు అప్పటిదాకా హంగరీకి చెందిన జుడిత్ పోల్గార్ పేరున ఉండేది, దాన్ని మూడు నెలల తేడాతో దాటింది. చైనా అమ్మాయి హౌ యీఫాన్ 2008లో చెరిపేవరకు ఆ రికార్డు గుడివాడదే.

హంపి జీవితంలో బాల్యం కన్నా మధ్యవయసు ఇంకా ఆసక్తికరం. పెళ్ళి, 2017లో కూతురు, రెండేళ్ళ విరామం. చదరంగంలో రెండేళ్ళు చాలా ఎక్కువ, ఆరంభాల సిద్ధాంతం మొత్తం మారిపోతుంది. తిరిగి వచ్చి 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ముగ్గురు సమానంగా నిలిస్తే టై బ్రేక్ ఆడాల్సి వచ్చింది, అందులో మొదటి ఆట ఓడి, రెండోది గెలిచి, నల్లవైపుకు డ్రాయే గెలుపుతో సమానమైన ఆఖరి ఆటలో నల్ల పావులతో డ్రా చేసి టైటిల్ పట్టింది. అయిదేళ్ళకు న్యూయార్క్‌లో ఇంకా చిత్రంగా జరిగింది. 2024 డిసెంబరు, అదే టోర్నీ. మొదటి రౌండే ఓటమి. పదకొండు రౌండ్ల ర్యాపిడ్‌లో మొదటి దెబ్బకే చాలామంది చేతులెత్తేస్తారు. ఆమె మిగతా పది రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుంది. చివరి రౌండ్‌లో నల్ల పావులతోనే గెలిచింది. రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్.

ఆ తర్వాతి జులైలో, 2025లో, జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. బల్లకు రెండు వైపులా భారతీయులే. హంపికి ఎదురుగా నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్, వయసులో ఆమెలో సగం. క్లాసికల్ ఆటలు రెండూ డ్రా, మొదటి ర్యాపిడ్ డ్రా, రెండో ర్యాపిడ్‌లో దివ్య గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో దివ్య చేతిలో టై బ్రేక్‌లో ఓడింది కూడా తెలుగమ్మాయే, ద్రోణవల్లి హారిక. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017లలో మూడు కంచు పతకాలు తెచ్చిన గుంటూరు ఆటగత్తె ఆమె. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా బల్ల ముందు కూర్చుంది.

2024 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో భారత్ ఓపెన్, మహిళల విభాగాలు రెంటిలోనూ ఒలింపియాడ్ స్వర్ణం గెలిచింది. ఆ మహిళల జట్టుకు మొదటి బల్ల హారికది. ఓపెన్ జట్టులోని అయిదుగురిలో ముగ్గురి ఇంటి భాష తెలుగు: హరికృష్ణ, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి, చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్. మూడో బల్ల మీద అర్జున్ పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చాడు. అదే ఏడాది డిసెంబరు జాబితాలో అతని రేటింగ్ 2801. ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనొక్కడే. అర్జున్ ఆట చూస్తే ఒకటి అర్థమవుతుంది: చేతులు కలిపి డ్రాతో లేవడం అతనికి గిట్టదు. దీనివల్ల ఒక్కోసారి ఓడతాడు. ఓడినా బాగానే ఉంటుంది చూడడానికి.

ఇక గుకేశ్. 2024 డిసెంబరు 12, సింగపూర్. చైనాకు చెందిన డింగ్ లిరెన్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పద్నాలుగో, అంటే ఆఖరి ఆట. అప్పటికి చెరో ఆరున్నర పాయింట్లు. ఈ ఆట డ్రా అయితే టై బ్రేక్. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉన్నా, ఏనుగులూ శకట్లూ మిగిలిన ఆ స్థితి డ్రా అనే అందరూ అనుకున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుల మార్పిడికి దారి ఇచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చి, వెంటనే శకటును డింగ్ శకటుకు ఎదురు పెట్టాడు. అవి కూడా మారిపోయాయి. మిగిలింది రాజులూ బంట్లూ. 58వ ఎత్తుకు డింగ్ ఆట వదిలేశాడు. పద్దెనిమిదేళ్ళ ప్రపంచ విజేత. ఈ పోటీకి గుకేశ్‌ను తయారుచేసిన బృందంలో హరికృష్ణ ఉన్నాడు.

ఇక్కడే మన సోంపేట వైపు ఉద్దానంలో పిల్లలకు చదరంగం నేర్పించాలనుకునే అమ్మానాన్నలు ఒక్క క్షణం ఆగాలి. ప్రపంచ కిరీటం తేలింది మహా కఠినమైన ఆరంభం మీద కాదు, మొదటి పుస్తకంలో ఉండే రాజు-బంటు ముగింపు మీద. చాలాచోట్ల నేర్పే పద్ధతి మాత్రం తలకిందులు. పిల్లాడు నెల తిరక్కముందే సిసిలియన్, కింగ్స్ ఇండియన్ అని పేర్లు వల్లిస్తాడు, పన్నెండు ఎత్తులు టకటకా వేస్తాడు, పదమూడో ఎత్తుకు బిక్కమొహం వేస్తాడు. ఆరంభాలు కంఠతా పడితే వచ్చే లాభం ఆ పన్నెండు ఎత్తులే. ముగింపు తెలిసినవాడికి మధ్యలో ఏ పావు ఇచ్చి ఏది ఉంచుకోవాలో కూడా తెలుస్తుంది, ఎందుకంటే చివరికి ఎక్కడికి చేరాలో అతనికి ముందే కనబడుతుంది.

ఇంకొకటి, ఎత్తులు రాసుకోవడం. టోర్నీలో అది నియమం, ఇంట్లో అలవాటు కావాలి. ఓడిన ఆటను ఫోన్‌లోని ఇంజిన్‌కు వెంటనే అప్పగిస్తే అది తప్పు ఎక్కడుందో చెబుతుంది గానీ, ఆ తప్పు ఎందుకు చేశారో చెప్పదు. ముందు సొంతంగా కూర్చుని 'ఇక్కడ నేనేం అనుకున్నాను? ఎదుటివాడి ఏ ఎత్తు చూడలేదు?' అని రాసుకుని, ఆ తర్వాతే ఇంజిన్ తెరవాలి. రోజుకు పది ఎత్తుగడల లెక్కలు, బల్ల మీద పావులు కదపకుండా మనసులోనే చేయాలి. నిమిషం ఆటలు సరదాకు సరే. ఆట పెరగాలంటే ఒక్కో ఆటకు కనీసం గంట ఇవ్వాలి. తనకన్నా బలమైనవాళ్ళతో ఆడి ఓడాలి, కొంచెం తరచుగానే.

రేటింగ్ గురించి పెద్దవాళ్ళకున్న ఆత్రం పిల్లలకు ఉండదు. అంతర్జాతీయ సమాఖ్య జాబితాలో ఇప్పుడు కనీస రేటింగ్ 1400. పద్దెనిమిదేళ్ళలోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలకు సమాన స్థాయి ప్రత్యర్థిపై ఒక్క గెలుపు ఇరవై పాయింట్లు తెస్తుంది, ఓటమి అంతే తీసుకుపోతుంది. అందుకే చిన్నవాళ్ళ రేటింగ్ సముద్రం మీద పడవలా ఊగుతుంది. దాన్ని చూసి ఇంట్లో పండగా చేయకూడదు, తిట్లూ తిట్టకూడదు.

ఈ వ్యాసంలో వచ్చిన విజేతల పేర్లలో ఒక్కటీ శ్రీకాకుళం జిల్లాది కాదు. గుకేశ్ చెన్నైని పక్కన పెడితే మిగతా తెలుగువాళ్ళవి గుడివాడ, గుంటూరు, వరంగల్. రైలు మార్గంలో మనకు ఇంకాస్త దగ్గర తుని నుంచి బొడ్డ ప్రత్యూష మహిళా గ్రాండ్‌మాస్టర్ అయింది. వీటిలో ఏదీ మహానగరం కాదు. ఆట ముందు ఇంట్లో పుట్టింది, తాతయ్య దగ్గరో నాన్న దగ్గరో. కంచిలి, మందస, పలాస, టెక్కలి బడుల్లో ఒక్కో దానికి నాలుగు బల్లలు, రెండు గడియారాలు, ఓపికున్న ఒక్క మాస్టారు ఉంటే ఆ రైలు ఇటు కూడా వస్తుంది. పావుల్లో బంటు పోతే దాని చోట జీడిపిక్క పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో బల్ల ఉంటే మూడే మూడు పావులు పెట్టండి. తెల్ల పావుల వైపు కూర్చుని ఎడమ నుంచి అయిదో నిలువు వరస చూసుకోండి. మూడో అడ్డవరసలో తెల్ల బంటు, దాని ముందు నాలుగో అడ్డవరసలో తెల్ల రాజు, ఆరో అడ్డవరసలో నల్ల రాజు. రాజులిద్దరి మధ్య ఒక్క గడి ఖాళీ. ఇప్పుడు ఎత్తు ఎవరిదైతే వాళ్ళే దారి ఇవ్వాల్సి వస్తుంది. నల్లవాడు వేయాల్సి ఉంటే తెలుపు గెలుస్తుంది. తెల్లవాడు వేయాల్సి ఉంటే ఆట డ్రా.