గోడకు ఇవతలి చరిత్ర

జైళ్ల గురించి మన భాషలో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం గోడ లోపలి నుంచి వచ్చినవే. గేటు బయట అన్నం క్యారియరూ బట్టల సంచీ పట్టుకుని చెట్టు కింద కూర్చున్నవారి వైపు నుంచి ఆ కథ చెప్పినవారు అరుదు. మనవాడు ఏ జైల్లో ఉన్నాడో కనుక్కోవాలి, వెళ్లి చూడాలి, మళ్లీ చూసేదాకా ఒక ఉత్తరంతోనో మనియార్డరుతోనో బంధం తెగకుండా నిలుపుకోవాలి. ఈ మూడు పనులూ ఒకే తల్లి, ఒకే భార్య చేసినా, చట్టంలో మూడింటి దారులూ వేరు. న్యాయంగా అన్నిటికంటే ముందు రావలసింది ‘ఎక్కడున్నాడు’ అన్న ప్రశ్నకు జవాబు. మన దేశంలో అది అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

పాతకాలంలో జైలంటే కోటలో ఒక మూల. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడన్న అభియోగం మీద కంచర్ల గోపన్నను తానీషా గోల్కొండలో పన్నెండేళ్లు బంధించాడని సంప్రదాయం. ఆ చెర గదిని ఇప్పటికీ కోటలో చూపిస్తారు. అప్పట్లో శిక్షకు గడువు లేదు, చూడటానికి వేళ లేదు. ఉన్నదల్లా పాలకుడి దయ, కాపలావాడి మనసు. రామదాసు తన కీర్తనల్లో రాముడికి ఒక మాట చెప్పమని సీతమ్మను బతిమాలుకోవడాన్ని మనం భక్తిగా వింటాం, అది సరైనదే. కాని ప్రభువు దగ్గర మాట చెల్లే మనిషిని పట్టుకుని అర్జీ పంపుకోవడమే ఆనాటి బందీకి తెలిసిన దారి అని కూడా వాటిని వినవచ్చు. సిఫారసు చేసేవాళ్లు లేని బందీలు ఇంకెందరో ఉండి ఉంటారు. వాళ్ల పాటలు మనదాకా రాలేదు.

కుంఫిణీ పాలన మొదట్లో ఖైదీని గోడ చాటున దాచాలన్న పట్టింపు అంతగా లేదు. కాళ్లకు గొలుసులు వేసి రోడ్డు పనులకు తోలేవారు. చాలాచోట్ల భోజనానికి డబ్బులు చేతికిస్తే బజారులో కొనుక్కుని వండుకునేవారు. అలాంటి ఏర్పాటులో దారిన పోయే బంధువు నాలుగు మాటలు మాట్లాడటాన్ని ఎవరు ఆపగలరు? మెకాలే ప్రతిపాదన మీద 1836లో ఏర్పడి 1838లో నివేదిక ఇచ్చిన జైళ్ల క్రమశిక్షణ కమిటీకి సరిగ్గా ఇదే నచ్చలేదు. ఖైదీలను బయటి పనులకు పంపడం మాని, గోడల మధ్యే కఠిన శ్రమ చేయించాలంది. తరువాతి దశాబ్దాల్లో సొంత వంట పోయి ఉమ్మడి వంటశాలలు వచ్చాయి. బీహారులో 1855లో ఇత్తడి చెంబులు తీసేసి మట్టి పాత్రలివ్వబోతే ఆరా, ముజఫర్‌పూర్ జైళ్లలో ఖైదీలు తిరగబడ్డారు, ఊళ్ల జనం వారి పక్షాన నిలిచారు. జైలుకూ ఊరికీ మధ్య ఇంకా రాకపోకలున్న కాలం కాబట్టే అది సాధ్యమైంది. సంస్కరణ పేరుతో వచ్చిన మార్పే ఖైదీకీ ఇంటివాళ్లకూ నడుమ గోడ కట్టిందన్న సంగతి మన జైళ్ల చరిత్రలో తరచు మరుగున పడిపోతుంది. రాజమండ్రిలో డచ్చివారి కోట ఉన్న చోట 1864లో జైలు వచ్చింది, 1870లో సెంట్రల్ జైలయింది. నిజాం రాజ్యంలో 1876లో చంచల్‌గూడ జైలు వెలసింది. రెండు రాజ్యాల్లోనూ కోట స్థానంలో జైలు, కిల్లేదారు స్థానంలో సూపరింటెండెంటు స్థిరపడ్డారు.

ఆ తర్వాత మలుపు 1894 నాటి జైళ్ల చట్టం. ములాఖత్‌కు ఇందులో స్పష్టమైన శాసన రూపం ఉంది. నేరం ఇంకా రుజువు కాని ఖైదీలనూ సివిల్ ఖైదీలనూ తగిన వేళల్లో తమవాళ్లు కలుసుకునేలా ఏర్పాటు ఉండాలని నలభయ్యో సెక్షను చెప్పింది. విచారణ ఖైదీ తన వకీలుతో మూడోమనిషి లేకుండా మాట్లాడుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఇంటి నుంచి తిండి, బట్ట, పరుపు తెప్పించుకునే వీలు ముప్పై ఒకటో సెక్షను ఇచ్చింది. ఈ దయ వెంటనే ఒక కన్ను కూడా తెరిచింది. వచ్చినవాడి పేరూ ఊరూ అడగవచ్చు, సోదా చేయవచ్చు. నిషిద్ధ వస్తువు లోపలికి పంపినా, అనుమతి లేకుండా ఖైదీతో మాటామంతీ పెట్టుకున్నా ఆరు నెలల దాకా జైలు, రెండు వందల రూపాయల దాకా జరిమానా. ఇక శిక్ష పడినవాడి సంగతంటారా, అతడి ములాఖత్‌నూ ఉత్తరాన్నీ చట్టం ఆయా ప్రెసిడెన్సీల నిబంధనలకు వదిలేసింది. నడవడి బాగుంటే ఇచ్చే బహుమానంగా, తప్పు చేస్తే లాక్కునే శిక్షగా అవి మారాయి. ఈ చట్టమే స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు మన జైళ్లను నడిపించింది.

దాని కాఠిన్యం పరాకాష్ఠకు చేరింది అండమాన్‌లో. 1906లో పూర్తయిన సెల్యులర్ జైల్లో రాజకీయ ఖైదీకి ఏడాదికి ఒక్క ఉత్తరం. 1911లో అక్కడికి చేరిన సావర్కర్‌కు కుటుంబాన్ని చూసే అవకాశం 1919లో గాని రాలేదు. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరనూ అక్కడికే పంపారు. మన్యం కొండల్లో ఉన్న కుటుంబానికి సముద్రం దాటి ములాఖత్‌కు పోవడం ఊహకైనా అందేది కాదు. ఆ మల్లుదొర తిరిగొచ్చి 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు.

జైలును తెలుగు మధ్యతరగతి ఇంటికి తెచ్చింది జాతీయోద్యమం. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’లో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు రాజద్రోహం కింద శిక్ష పడేనాటికి, చదువుకున్న కుటుంబాలకు జైలు గేటు పరాయి చోటు. 1921 తర్వాత అలా లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ వెల్లూరు జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. 1929 సెప్టెంబరులో లాహోరు జైల్లో జతీంద్రనాథ్ దాస్ 63 రోజుల నిరాహారదీక్ష చేసి ప్రాణాలు వదిలాడు. ఆ ఒత్తిడితోనే 1930లో ఏ, బీ, సీ తరగతులు వచ్చాయి. ఏ తరగతివారికి ఉత్తరాలూ ములాఖత్‌లూ ఎక్కువ, సీ తరగతివారికి తక్కువ. ఒకే కేసులో, ఒకే ఊరి నుంచి జైలుకు వెళ్లిన ఇద్దరిలో ప్లీడరు గారి భార్య నెలలో ఎన్నిసార్లు వచ్చేదో, కూలివాడి భార్య ఎన్నిసార్లు రాగలిగేదో ఆ తరగతే తేల్చేది. త్యాగానికి కూడా తరగతులు కట్టిన ఈ ఏర్పాటును మన నాయకుల్లో కొందరు కాదన్నారు, కొందరు అనుభవించారు. చరిత్రకారుడు రెండూ రాసుకోవాలి. వెల్లూరు ఆడవాళ్ల జైల్లో ఉద్యమ ఖైదీగా ఉన్న దుర్గాబాయి కళ్లబడింది ఇంకో లోకం. చదువు లేక, చెప్పేవాళ్లు లేక, తాము చేయని నేరాలకు కూడా శిక్ష మోస్తున్న పేద స్త్రీలు. లా చదవాలన్న పట్టుదల తనకు అక్కడే పుట్టిందని ఆమె తరువాత చెప్పుకున్నారు. ఉద్యమ ఖైదీలకు గేటు దగ్గర పూలదండలు పట్టుకుని జనం నిలబడిన రోజుల్లో, అదే గేటు లోపల ఎవరూ చూడటానికి రాని ఆడవాళ్లు ఎందరున్నారో ఆమె వల్లే బయటికి తెలిసింది.

1942 ఆగస్టు తొమ్మిదిన బొంబాయిలో కాంగ్రెస్ కార్యవర్గాన్ని రైలెక్కించినప్పుడు ప్రభుత్వం ఇంకో మెట్టు దిగింది. వారిని ఎక్కడ పెట్టిందీ కొన్నాళ్లు రహస్యంగా ఉంచింది. వాళ్లున్నది అహ్మద్‌నగర్ కోటలో. అక్కడున్నవారిలో మన బందరు పట్టాభి సీతారామయ్య గారు కూడా ఉన్నారు. దేశమంతా ఎరిగిన నాయకుడి ఇంటివాళ్లకే ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో తెలియలేదంటే, ఊరూ పేరూ లేనివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పట్టాభి అక్కడ ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ రాశారు, నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ రాశారు. అందరిలోకీ చిత్రం మౌలానా ఆజాద్ గారిది. మిత్రుడికి ఉత్తరాలు రాసి, పోస్టు చేయకుండా తన దగ్గరే ఉంచుకున్నారు. 1943 ఏప్రిల్‌లో ఆయన భార్య కలకత్తాలో కన్నుమూశారు. ఆయన కోటలోనే ఉండిపోయారు. ఆ ఉత్తరాలు 1946లో ‘గుబారే ఖాతిర్’గా వెలువడ్డాయి. ఇటు నిజాం జైళ్లలో దాశరథి నిజామాబాదులో బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాస్తే, వట్టికోట ఆళ్వారుస్వామి సాధారణ ఖైదీల బతుకులను గమనించి ‘జైలు లోపల’ కథలుగా మలిచారు. ములాఖత్‌కు ఎవరూ రాని మనిషిని సాహిత్యం ముందు పలకరించింది, చట్టం చాలాకాలం తర్వాత గాని పలకరించలేదు.

స్వతంత్ర భారతంలో మొదటి పాతికేళ్లూ గేటు నిబంధనలు పెద్దగా కదలలేదు. విశాఖపట్నం జైల్లోని నక్సలైటు ఖైదీలు గోడ మీది కరెంటు తీగ గురించి సుప్రీంకోర్టుకెక్కితే, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో కోర్టు చెప్పింది. మరుసటి ఏడే అత్యవసర పరిస్థితి. మీసా (అంతర్గత భద్రతా చట్టం) కింద పట్టుకుపోయినవాణ్ని ఎందుకు పట్టుకున్నారో చెప్పనక్కర్లేదన్నారు. కోర్టుకు వెళ్లి అడిగే దారి కూడా లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో తేల్చింది. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ ఏడాది మార్చిలోనే కేరళలో ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. తండ్రి ఈచర వారియర్ ఆఫీసులూ మంత్రుల ఇళ్లూ తిరిగి, అర్జీలు పెట్టి, ఎమర్జెన్సీ సడలాక 1977లో హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. నా కొడుకును చూపించండి అన్న ఆ ఒక్క అభ్యర్థన ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవికే ఎసరు తెచ్చింది. కొడుకు మాత్రం తిరిగి రాలేదు, శవమైనా దొరకలేదు. ‘ఎక్కడున్నాడు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ప్రభుత్వపు బాధ్యత అని దేశానికి గట్టిగా గుర్తు చేసింది ఈ తండ్రే.

ఆ తర్వాతి రెండు దశాబ్దాలు ఈ చరిత్రలో సంపన్నమైనవి. తీహార్ జైల్లో మరణశిక్ష పడి ఉన్న సునీల్ బత్రా, తోటి ఖైదీని వార్డరు హింసించిన సంగతి ఉత్తరం ముక్క మీద రాసి జడ్జికి పంపితే, దాన్నే పిటిషనుగా తీసుకుని జస్టిస్ కృష్ణయ్యర్ 1979లో తీర్పు రాశారు. ఆత్మీయుల రాకపోకలు ఒంటరి ఖైదీకి ఊరట అని, వాటిని అకారణంగా కాదనరాదని చెప్పారు. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ కేసు వచ్చింది. నిర్బంధంలో ఉన్న ఆ తల్లికి ఐదేళ్ల కూతుర్ని చూసేందుకు నెలకు ఒక్కసారే వీలు. వకీలును కలవాలంటే కస్టమ్స్ అధికారి పక్కన ఉండాలి. విచారణ ఖైదీలకు వారానికి రెండుసార్లుండగా ఈమెకు నెలకొకటి ఏమిటని జస్టిస్ భగవతి ఆ నిబంధనలు కొట్టేశారు. కన్నబిడ్డను చూడటం జీవించే హక్కులో భాగమన్నారు. 1894 చట్టంలో దయగా ఉన్న ములాఖత్ హక్కుగా మారింది ఈ తీర్పుతోనే. ఆ పైన 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు. అరెస్టు మెమో రాయాలి, అయినవాళ్లకు కబురు చేయాలి, బంధువు వేరే జిల్లాలో ఉంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లోగా తెలియజేయాలి, జిల్లా కంట్రోల్ రూములో బోర్డు మీద వివరం పెట్టాలి. ఈ వ్యాజ్యం కూడా 1986లో ప్రధాన న్యాయమూర్తికి రాసిన ఉత్తరంతో మొదలైందే. ములాఖత్‌ను రాసిన 1894 చట్టానికీ జాడ తెలిసే హక్కుకూ మధ్య వందేళ్ల పైచిలుకు ఎడం.

తీర్పుల భాష ఒకటి, ములాఖత్ గది ధ్వని ఒకటి. పాత జైళ్లలో రెండు వరసల ఇనుప జాలీలు, వాటి నడుమ ఒక బారెడు ఖాళీ. ఇటు పది కుటుంబాలు, అటు పది మంది ఖైదీలు, అందరూ ఒక్కసారే మాట్లాడాలి. బెయిలు పిటిషను ఏమైంది, పాప జ్వరం తగ్గిందా, ఎకరం కౌలుకిచ్చారా అన్న మాటలు ఒకరివొకరికి అడ్డం పడుతుంటే చివరికి చేతి సైగలే మిగిలేవి. తర్వాత అద్దమూ ఫోనూ వచ్చాయి. మాట స్పష్టమైంది, చెయ్యి తగలడం పోయింది. ఇంటి క్యారియరు బదులు క్యాంటీను, మనియార్డరు బదులు ఖైదీ పేర సొంత డబ్బు (పీపీసీ) ఖాతా, అంతర్దేశీయ ఉత్తరం బదులు ముందే ఇచ్చిన నంబర్లకు మాత్రమే పోయే ఫోను వచ్చాయి. పేరూ ఊరూ చెబితే సరిపోయిన చోట ఆధార్ కార్డు కావాలి. 2020 మార్చిలో కరోనా గేట్లు మూసేసినప్పుడు వీడియో ములాఖత్ దేశమంతటా అలవాటయింది. ఈ-ప్రిజన్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని వేళ తీసుకోవచ్చు. సెల్‌ఫోనూ సిగ్నలూ ఉన్న ఇంటికి ఇది వరమే. రెండూ లేని ఇంటికి మళ్లీ ప్లీడరు గుమాస్తాయే గతి.

దూరం మాత్రం ఏ పోర్టల్‌కూ లొంగలేదు. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఆసుపత్రి కోసం ఖాళీ చేసి, ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ తదితర జైళ్లకు తరలించారు. ఆసుపత్రి అవసరమే, ఆ మాట కాదనలేం. కాని ఏటూరునాగారం వైపు నుంచి ఉదయం బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరిన తల్లికి హైదరాబాద్ ప్రయాణమంటే కూలి పోయే రోజులూ, రెండు వైపుల చార్జీలూ. ఖైదీని వీలైనంత వరకు ఇంటి దగ్గరి జైల్లో ఉంచాలనీ, మరో జైలుకు మార్చినప్పుడు ఆ సంగతి వెంటనే ఇంటికి తెలియజేసుకోనివ్వాలనీ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతాయి. బదిలీ అయ్యాడన్న కబురు పాత జైలు గేటు దగ్గరికి వచ్చాకే తెలుసుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

దేశం దాటితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గల్ఫ్ జైళ్లలో చిక్కుకున్న కరీంనగర్, సిరిసిల్ల, నిజామాబాద్ వలస కూలీల ఇళ్లకు ఆధారం 1963 నాటి వియన్నా ఒప్పందం. నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరితే అతడి రాయబార కార్యాలయానికి తెలపాలని, ఆ అధికారులు వెళ్లి చూడవచ్చని అది చెబుతుంది. పాకిస్తాన్‌తో మనకు 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్తుల జాబితాలను ఏటా జనవరి ఒకటిన, జూలై ఒకటిన ఇచ్చిపుచ్చుకుంటాయి. గుజరాత్ పడవల మీద పనికి పోయిన శ్రీకాకుళం, విజయనగరం తీరాల జాలర్లు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కినప్పుడు, ఇక్కడి మత్స్యకార వాడల్లో చాలా కుటుంబాలకు ఆశ ఆ జాబితాలే. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపి ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. శత్రుదేశాలు సైతం తేదీ తప్పకుండా పేర్లు చెప్పుకునే ఏర్పాటు అది.

ఇంటి చట్టమూ ఆ దిశగానే కదిలింది. 2024 జూలై ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ముప్పై ఏడో సెక్షను ప్రకారం, అరెస్టయినవారి పేర్లూ చిరునామాలూ నేరం వివరాలూ ప్రతి స్టేషనులోనూ జిల్లా కేంద్రంలోనూ ప్రదర్శించాలి, డిజిటల్ రూపంలోనైనా సరే. ఆ సమాచారం చూసుకునేందుకు ఏఎస్సై స్థాయికి తగ్గని అధికారి ఒకరుండాలి. మీ ఊరి స్టేషనులో ఆ బోర్డు ఉందో లేదో, దాని మీద ఇవాళ్టి తేదీ ఉందో లేదో వెళ్లి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.